ఆటోఇమ్యూన్ జబ్బుతో మసాజ్: ఏ రోజు, ఎక్కడ, ఎంత గట్టిగా

"మసాజ్ చేయించుకోవచ్చా డాక్టరుగారూ?" అని అడిగితే చాలామందికి దొరికే జవాబు ఒకటే: "చేయించుకోండి, కాస్త జాగ్రత్త." ఆ జాగ్రత్త దేని గురించి, ఒంట్లో ఎక్కడ, ఎప్పుడు అన్నది విడమర్చి చెప్పే తీరిక ఓపీలో ఉండదు. ఇంటికొచ్చి వెతికితే రెండు రకాల మాటలు కనిపిస్తాయి. మసాజ్‌తో ఇమ్యూనిటీ దానంతట అదే సర్దుకుంటుందని ఒకరంటారు. ఆటోఇమ్యూన్ జబ్బుంటే అసలు ఒంటి మీద చెయ్యే వేయించుకోకూడదని ఇంకొకరంటారు. రెండూ నమ్మొద్దు.

మసాజ్ మీకు పడుతుందా లేదా అన్నది జబ్బు పేరొక్కటే చూస్తే తేలదు. ఈ రోజు ఒళ్లెలా ఉంది, ఏ మందులు వాడుతున్నారు, ఎముకలు, రక్తనాళాలు, చర్మం ఏ స్థితిలో ఉన్నాయి అన్నవి చూస్తేనే తేలుతుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్న ఇద్దరిలో ఒకరు ఒళ్లంతా హాయిగా చేయించుకోవచ్చు, రెండోవారి మెడ జోలికి ఎవరూ వెళ్లకూడదు. అందుకే ఈ గైడ్‌ని వరసగా చదవండి. మీ జబ్బు పేరు ఎక్కడుందో వెతుక్కుని ఆ ముక్క మాత్రం చదివి వదిలేయకండి.

1. మసాజ్ నుంచి ఏం కావాలో తేల్చుకోండి

ఆటోఇమ్యూన్ జబ్బుల్లో రోగనిరోధక వ్యవస్థ మన సొంత కణజాలం మీదే దాడి చేస్తుంది. కీళ్ల పొర మీదైతే రుమటాయిడ్, నరాల తొడుగు మీదైతే మల్టిపుల్ స్క్లెరోసిస్, థైరాయిడ్ మీదైతే హషిమోటో. మసాజ్ ఈ దాడిని ఆపదు. దాన్ని అదుపులో పెట్టేవి మందులే. మసాజ్ బాగుందని మాత్రలు తగ్గించుకునే ఆలోచన ఉంటే ఇక్కడితోనే వదిలేయండి.

మరి దేనికి పనికొస్తుంది? జబ్బు వల్ల నేరుగా వచ్చే నొప్పి ఒకటుంటుంది, దాని వెనకే వచ్చే నొప్పి ఇంకొకటుంటుంది. కుడి మోకాలు వాచిందనుకోండి. బరువంతా ఎడమ కాలి మీద వేసి నడుస్తాం. నాలుగు వారాలు తిరక్కుండానే నడుం ఎడమ పక్క పట్టేస్తుంది, పిరుదు కండరం బిగుసుకుపోతుంది. మణికట్టు నొప్పిగా ఉంటే చేతిని ఒంటికి దగ్గరగా పెట్టుకుని తిరుగుతాం, దాంతో భుజం గట్టిపడుతుంది. ఈ రెండో రకం నొప్పి మీద మసాజ్ బాగా పనిచేస్తుంది. నిద్ర సరిగా పట్టకపోవడం, ఎప్పుడూ ఏదో టెన్షన్‌గా ఉండటం, వీటిలో కూడా చాలామందికి తేడా తెలుస్తుంది. వాచిన కీలు లోపలి వాపు మాత్రం మసాజ్‌తో పోదు.

పరిశోధనల విషయానికొస్తే ఆశ పెట్టుకోవచ్చు కానీ అతిగా వద్దు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి మసాజ్‌ను షరతులతో సిఫార్సు చేశాయి. అంటే వ్యాయామానికి ఇచ్చినంత గట్టి సిఫార్సు కాదు. రోగితో మాట్లాడి, అవసరాన్ని బట్టి చూడమని అర్థం. అదే పత్రం ఎముకలను విరిచినట్టు సర్దే కైరోప్రాక్టిక్‌ను వద్దంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ తేడా గుర్తుంచుకోండి. మయామీ విశ్వవిద్యాలయంలోని టచ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ 42 మంది రుమటాయిడ్ రోగుల చేతుల మీద నాలుగు వారాలు చేసిన అధ్యయనంలో, పైపైన నిమిరినట్టు చేసిన మసాజ్ కంటే మధ్యస్థంగా నొక్కి చేసిన మసాజ్‌కే నొప్పి ఎక్కువ తగ్గింది, పట్టు బలం ఎక్కువ పెరిగింది. అధ్యయనం చిన్నదే. అయినా ఎంత మెల్లగా చేస్తే అంత మంచిదన్న మాట అందరికీ వర్తించదని తెలుస్తోంది.

ఇక మసాజ్ చేస్తే టాక్సిన్లు బయటికి పోతాయన్న ప్రచారం. ఆ పని కాలేయం, కిడ్నీలు చూసుకుంటాయి. మర్నాడు నీరసంగా ఉంటే "టాక్సిన్లు పోతున్నాయి, మంచిదే" అని ఎవరైనా అన్నారంటే, మీ ఒళ్లు చెబుతున్న ఫిర్యాదును వాళ్లు మంచి శకునం కింద చెబుతున్నారన్నమాట.

2. ఈ రోజు వెళ్లొచ్చా?

అపాయింట్‌మెంట్ ఉంది కదా అని వెళ్లిపోకండి. ఆ రోజు పొద్దున్నే లేచి ఒళ్లంతా ఒకసారి చూసుకోండి. ఏ కీలైనా వేడిగా, ఎర్రగా, వాచి ఉందా? పొద్దుటి బిగుతు రోజూకంటే చాలాసేపు వదల్లేదా? జ్వరం ఉందా? కొత్తగా దద్దుర్లు, లూపస్ (చర్మం, కీళ్లు, కిడ్నీల్లాంటి చాలా చోట్ల దాడి చేసే ఆటోఇమ్యూన్ జబ్బు) ఉన్నవాళ్లకైతే నోటిపూత? లేవగానే మళ్లీ పడుకోవాలనిపించేంత నీరసం?

ఒక కీలు మాత్రమే వాచి, మిగతా ఒళ్లు మామూలుగా ఉంటే ఆ కీలునీ దాని చుట్టుపక్కల్నీ వదిలేసి తక్కినచోట్ల చేయించుకోవచ్చు. ఒళ్లంతా తిరగబెట్టిందనిపిస్తే, అంటే పూర్తి ఫ్లేర్‌లో ఉంటే, వాయిదా వేసుకోండి. నొప్పి ఎక్కువగా ఉన్నప్పుడే మసాజ్ మీద మనసు పోవడం సహజం. కానీ వాపు రగులుతున్న కణజాలాన్ని పిసికితే చికాకు పెరుగుతుంది తప్ప తగ్గదు.

మూడు సందర్భాల్లో మాత్రం వాయిదాతో సరిపోదు, డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

ఒకటి, ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉండటం. ఇది కండరం పట్టేయడం కాకపోవచ్చు, లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. లూపస్ ఉన్నవాళ్లకు, ముఖ్యంగా దానితోపాటు రక్తం తేలిగ్గా గడ్డకట్టే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ ఉంటే, ఈ ముప్పు ఎక్కువ. రుమటాయిడ్ లాంటి జబ్బులకు వాడే టోఫాసిటినిబ్ లాంటి జాక్ ఇన్‌హిబిటర్ మందులకు కూడా రక్తపు గడ్డల హెచ్చరిక ఉంది. అలాంటి పిక్కను ఎవరితోనూ రుద్దించకండి, మీరూ రుద్దకండి. గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. పిక్క వాపుతోపాటు ఆయాసం, గుండెలో నొప్పి ఉంటే అది ఎమర్జెన్సీ.

రెండోది, ఒకే కీలు హఠాత్తుగా ఎర్రబడి, ముట్టుకోనివ్వనంత నొప్పి పెట్టడం. ఇది ఫ్లేర్ అనుకుని ఊరుకుంటారు చాలామంది. ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్లలో కీలులోకి ఇన్‌ఫెక్షన్ చేరినా ఇలాగే ఉంటుంది. ఆ మందులు, స్టెరాయిడ్లు జ్వరాన్ని కప్పేస్తాయి కాబట్టి జ్వరం లేదన్న ధీమా పనికిరాదు.

మూడోది తేలిగ్గా మోసం చేస్తుంది. వీపుకో, పక్కటెముకలకో ఒకే వైపున మంటగా, సూదులు గుచ్చినట్టు నొప్పి. కండరం బెణికిందనుకుని మసాజ్‌కి వెళ్తారు. కొద్ది రోజుల తర్వాత అదే చోట నీటిపొక్కులు వరసగా లేస్తాయి. అది హెర్పిస్ జోస్టర్, అంటే సర్పి. ఇమ్యూనిటీ తగ్గించే మందుల మీద ఉన్నవాళ్లకు ఇది వచ్చే అవకాశం ఎక్కువ. మందు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది.

3. మందుల చీటీ తీసి చూడండి

థెరపిస్టుకు మీ జబ్బు పేరు చెప్పడం ఎంత అవసరమో, మందుల పేర్లు చెప్పడం అంతకంటే అవసరం అంటాను నేను. ఎందుకంటే దెబ్బ తగిలే చోట్లు చాలావరకు మందుల వల్ల వచ్చినవే.

స్టెరాయిడ్లు. ప్రెడ్నిసలోన్ నెలల తరబడి వాడితే ముంజేతుల మీద చర్మం పల్చబడుతుంది, చిన్న రాపిడికే కమిలిపోతుంది. ఎముకలు గుల్లబారతాయి. ఎముక తరుగుదల మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే వేగంగా ఉంటుంది, కాబట్టి "నేను వాడుతున్నది ఈ మధ్యనే కదా" అనుకోవడానికి లేదు. ఇలాంటివాళ్ల వీపు మీద మోచేత్తో నొక్కినా, పక్కటెముకల మీద బరువు వేసినా ఎముక చిట్లే ప్రమాదం ఉంది. మూడు నెలలకు పైగా స్టెరాయిడ్ మీద ఉంటే, ఎముకల సాంద్రత పరీక్ష చేయించారా అని మీ డాక్టరును అడగండి.

రక్తం పల్చబడే మందులు. వార్ఫరిన్, ఎపిక్సబాన్, రివరాక్సబాన్, క్లోపిడోగ్రెల్. లోతుగా నొక్కితే పైకి కనిపించకుండా లోపల రక్తం గూడుకడుతుంది. లూపస్‌లోనూ, ఐటీపీ అనే జబ్బులోనూ ప్లేట్‌లెట్లు పడిపోవడం ఉంటుంది. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాల్సినవి బాగా తగ్గితే, మందులు లేకపోయినా ఇదే జాగ్రత్త. ఆఖరి రక్తపరీక్ష రిపోర్టు చూసుకునే వెళ్లండి.

ఇమ్యూనిటీని తగ్గించే మందులు. మెథోట్రెక్సేట్, ఎజథయోప్రిన్, మైకోఫెనొలేట్, బయోలాజిక్ ఇంజెక్షన్లు. వీటితో భయం ఇన్‌ఫెక్షన్ గురించి. దుప్పట్లు ప్రతి ఒక్కరికీ మారుస్తున్నారా, థెరపిస్టుకు జలుబు ఉందా, మీ ఒంటి మీద తెగిన గాయం ఉందా అన్నవి చూసుకోవాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారే వేసుకునే మందు కదా, వేసుకున్న మర్నాడు చాలామందికి వికారంగా, నీరసంగా ఉంటుంది. ఆ రోజు మసాజ్ పెట్టుకోకండి.

ఎడాలిముమాబ్ లాంటి ఇంజెక్షన్ చేసుకున్న చోట రుద్దకూడదు. తొడకు చేసుకున్నారా, పొట్టకు చేసుకున్నారా అన్నది థెరపిస్టుకు చూపించండి. టైప్ 1 డయాబెటిస్ కూడా ఆటోఇమ్యూన్ జబ్బే. ఇన్సులిన్ వేసుకున్న చోట మర్దన చేస్తే అది తొందరగా రక్తంలో కలిసి షుగర్ పడిపోవచ్చు. మసాజ్‌కి ముందూ తర్వాతా షుగర్ చూసుకోండి. తినడానికి తీపి ఏదైనా చేతికందేలా ఉంచుకోండి.

ఇక పెయిన్‌కిల్లర్ల సంగతి. మసాజ్ నొప్పి తెలియకూడదని వెళ్లేముందు ఒక మాత్ర వేసుకునే అలవాటు కొందరికి ఉంటుంది. అది మానండి. ఒత్తిడి శృతి మించిందని చెప్పాల్సింది మీ నొప్పే. దాని నోరు మీరే మూసేస్తే థెరపిస్టుకు దారి తెలియదు.

4. ఏ జబ్బులో ఏ చోటు

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో అందరూ వేళ్లు, మణికట్లు, మోకాళ్ల గురించే ఆలోచిస్తారు. అసలు భయపడాల్సింది మెడ గురించి. పుర్రె కింద ఉండే మొదటి రెండు వెన్నుపూసలను పట్టి ఉంచే స్నాయువులు, జబ్బు చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లలో వదులైపోవచ్చు. వాటి పక్కనే వెన్నుపాము ఉంటుంది. మెడను గభాలున తిప్పినా, విరిచినా, తలను పట్టి లాగినా ఆ పూసలు జారి వెన్నుపామును నొక్కే అవకాశం ఉంది. తల వెనక కింది భాగంలో నొప్పి, మెడ వంచితే చేతుల్లోకి కరెంటు షాక్‌లాంటి జివ్వుమనడం, చేతులు మొద్దుబారడం, నడక తూలడం, వీటిలో ఏదున్నా మెడ వంచి, చాచి తీసే ఎక్స్‌రే గురించి డాక్టరును అడిగాకే మసాజ్ మాట. ఇవేవీ లేకపోయినా మెడ విరవడం మాత్రం రుమటాయిడ్ ఉన్న ఎవరికీ వద్దు. "టక్"మన్న చప్పుడుకు హాయిగా అనిపించవచ్చు, ఆ హాయికి అంత మూల్యం అక్కర్లేదు.

యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌లో సమస్య ఇందుకు భిన్నం. జబ్బు ముదిరితే వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుని, వెన్నంతా వంగని కడ్డీ అవుతుంది, పైగా లోపల గుల్లబారుతుంది. చిన్న దెబ్బకే విరుగుతుంది. వెన్ను అతుక్కుపోయినవాళ్లకు వెన్నెముకను విరిచే చికిత్సలు వద్దని అమెరికన్ రుమటాలజీ నిపుణుల 2019 మార్గదర్శకాలు గట్టిగానే చెప్పాయి. వెన్నుకు ఇరువైపులా ఉండే కండరాల మీద మెత్తగా చేయించుకుంటే మాత్రం చాలా హాయి. బోర్లా పడుకోవడం కష్టమైతే పక్కకు తిరిగి పడుకోండి, కుర్చీలో కూర్చుని ముందుకు ఆనుకున్నా సరే.

మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో వేడి శత్రువు. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా చూపు మసకబారడం, కాళ్లు బలహీనపడటం జరగొచ్చు. దీన్ని జర్మన్ కంటి వైద్యుడు ఊథాఫ్ 1890లోనే గుర్తించాడు. కాబట్టి హాట్ స్టోన్, ఆవిరి గది, హీటింగ్ ప్యాడ్ వద్దు. స్పర్శ తెలియని చోట ఎంత గట్టిగా నొక్కుతున్నారో మీకు తెలియదు కాబట్టి అక్కడ ఒత్తిడి తక్కువగా ఉండాలి. కండరాలు బిర్రబిగిసే తత్వం ఉంటే వేగంగా కొట్టినట్టు చేసే మసాజ్ ఆ బిగువును ఇంకా రెచ్చగొడుతుంది. నిదానంగా, ఒకే వేగంతో చేయాలి. కండరాలు తొందరగా అలసిపోయే మయస్థీనియా గ్రావిస్ ఉన్నవాళ్లకు కూడా వేడి, అలసట పడవు. సెషన్ చిన్నగా పెట్టుకోండి.

స్క్లెరోడెర్మాలో చర్మం బిగుసుకుపోతుంది, వేళ్ల చివర పుండ్లు పడతాయి. చలికి వేళ్లు తెల్లబడి, నీలమై, తర్వాత ఎర్రబడే రేనాడ్స్ కూడా తరచుగా ఉంటుంది. ఏసీ గదిలో ఒంటి మీద పల్చటి దుప్పటి, చల్లటి నూనె చేతులు పడితే రేనాడ్స్ మొదలైపోతుంది. గది వెచ్చగా ఉంచమని ముందే చెప్పండి. పుండ్లున్న వేళ్లు ముట్టుకోవద్దు.

సోరియాసిస్ ఉన్నవాళ్లకు గుర్తుండాల్సింది కోబ్నర్ ప్రక్రియ. గీరుకున్నచోట, ఒరుసుకున్నచోట కొన్నాళ్లకు కొత్త మచ్చలు లేవడం. స్క్రబ్‌లు, బిరుసుగా రుద్దడం అందుకే వద్దు. మచ్చల మీద పగుళ్లు లేకపోతే మెత్తటి స్పర్శ ఫరవాలేదు. ఇది అంటుకునే జబ్బు కాదని థెరపిస్టుకు ముందే ఫోన్లో చెప్పేస్తే, అక్కడికెళ్లాక వాళ్ల ముఖంలో మారే రంగులు చూడాల్సిన బాధ తప్పుతుంది.

పాలీమయోసైటిస్, డెర్మటోమయోసైటిస్‌లో కండరమే వాచి ఉంటుంది. రక్తంలో సీకే (కండరం దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) ఎక్కువగా ఉన్నన్నాళ్లూ లోతుగా నొక్కే డీప్ టిష్యూ మసాజ్ మాట ఎత్తొద్దు. మిగతావి క్లుప్తంగా: థైరాయిడ్ జబ్బులైన గ్రేవ్స్, హషిమోటో ఉంటే మెడ ముందు భాగం వదిలేయాలి. రక్తనాళాల వాపు జబ్బులుంటే మెడ పక్కలు, కణతలు ముట్టుకోకూడదు. పేగుల జబ్బులైన క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ తిరగబెట్టినప్పుడు పొట్ట వద్దు. లూపస్‌తో కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ చేయించుకునేవాళ్లయితే ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపిన చోటు) ఉన్న చేతి మీద ఏ ఒత్తిడీ పడకూడదు.

5. డాక్టరును ఇలా అడగండి

"మసాజ్ చేయించుకోనా?" అని అడిగితే వచ్చే జవాబు మొదట్లోనే చూశాం. ప్రశ్న మారిస్తే జవాబు మారుతుంది. "నా మెడ, వెన్నెముకలో నొక్కకూడని చోటు ఉందా? నా ఎముకలు గట్టి ఒత్తిడిని తట్టుకుంటాయా? నా ప్లేట్‌లెట్లు, మందులు చూస్తే కమిలే ప్రమాదం ఉందా? కాళ్లలో గడ్డలు కట్టే ముప్పుందా?" ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకెళ్లండి. జవాబులు కూడా అదే కాగితం మీద రాయండి. థెరపిస్టుకు చూపించాల్సిన చీటీ అదే అవుతుంది.

6. ఎవరి దగ్గరికి వెళ్లాలి

మొదటిసారికి, వీలైతే, ఫిజియోథెరపిస్టు దగ్గర మొదలుపెట్టడం మంచిదని నా ఉద్దేశం. కీళ్లు, కండరాల శరీర నిర్మాణం వాళ్లకు తెలుసు, డాక్టరు రాసిన చీటీ చదవడం తెలుసు. మసాజ్ థెరపిస్టునే ఎంచుకుంటే శిక్షణ ఎక్కడ తీసుకున్నారో అడగండి, ఆ తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడిగి చూడండి: "నాకు లూపస్ ఉంది, స్టెరాయిడ్ వాడుతున్నాను. నా విషయంలో మీరు ఏం మారుస్తారు?" వెంటనే ఎదురు ప్రశ్నలు వేస్తే, అంటే ఎన్నాళ్లుగా, ఎంత డోసు, ఎముకలెలా ఉన్నాయి అని అడిగితే, అక్కడికి వెళ్లొచ్చు. "ఏం ఫరవాలేదండీ, మా దగ్గర అన్నీ నయమైపోతాయి" అంటే ఫోన్ పెట్టేయండి. "తెలియదండీ, మీ డాక్టరును అడిగి చెప్పండి" అనేవాళ్లను మాత్రం తక్కువగా చూడకండి. ఆ నిజాయితీ ఉన్నవాళ్లు చేతిని కూడా జాగ్రత్తగానే వేస్తారు.

రకాల విషయంలో స్వీడిష్ మసాజ్‌తో మొదలుపెట్టడం మేలు, ఒత్తిడిని ఎక్కడికక్కడ మార్చుకోవచ్చు. డీప్ టిష్యూ, థాయ్ మసాజ్‌లలో లాగడం, వంచడం, బరువు వేయడం ఎక్కువ. జబ్బు పూర్తిగా అదుపులో ఉండి, ఎముకలు గట్టిగా ఉన్నాయని తెలిస్తే తప్ప వాటి జోలికి వెళ్లొద్దు. కప్పులు పెట్టి చర్మాన్ని పైకి పీల్చే కప్పింగ్‌తో చర్మం కమిలిపోతుంది, రక్తం పల్చబడే మందులు, స్టెరాయిడ్లు వాడేవాళ్లకు అది పనికిరాదు. ఇంట్లో వాడే మసాజ్ గన్ కూడా చూడటానికి బొమ్మలా ఉంటుంది కానీ వాచిన కీలు మీద, వెన్నుపూసల మీద, మెడ మీద పెట్టకూడదు.

నూనె ముందుగా పరీక్షించుకోండి. ముంజేయి లోపలి వైపు కొంచెం రాసి ఒకటి రెండు రోజులు చూడండి. దురద, ఎర్రదనం రాకపోతే ఫరవాలేదు. సువాసన నూనెలు చాలామంది చర్మానికి పడవు, వాసన లేనిదే అడగండి.

7. మసాజ్ బల్ల మీద

మొదటి సెషన్ అరగంట చాలు. గంట ప్యాకేజీ తీసుకుంటే లాభం అని రిసెప్షన్‌లో ఎంత చెప్పినా సరే. మీ ఒళ్లు ఎలా స్పందిస్తుందో ఇంకా ఎవరికీ తెలియదు. ఉన్న ప్రతి కండరాన్నీ ఆ రోజే చేయించుకోవాల్సిన పని లేదు. వీపు, భుజాలు, పిక్కలు, ఇలా రెండు మూడు చోట్లు చాలు.

దుస్తులు మార్చుకోకముందే కూర్చుని మాట్లాడండి. వాచిన చోట్లు వేలితో చూపించండి. "ఈ మణికట్టు ఈ రోజు వాచిందండీ, దీన్ని వదిలేయండి. మెడ తిప్పొద్దు. నేను ఆపమంటే వెంటనే ఆపాలి." అంతే, మొహమాటం అక్కర్లేదు. మోకాళ్ల కింద, మడమల కింద దిండ్లు పెట్టించుకోండి. బోర్లా పడుకుని అరగంట తలను ఒకే వైపు తిప్పి ఉంచడం మెడకు మంచిది కాదు, ముఖం పెట్టే రంధ్రం ఉన్న బల్ల అడగండి లేదా పక్కకు తిరగండి. కళ్లు, నోరు పొడిబారే షోగ్రెన్స్ జబ్బు ఉన్నవాళ్లు కంటి చుక్కలు పక్కన పెట్టుకోండి.

ఒత్తిడిని పదికి కొలిచి చెప్పుకోవడం సులువు. సున్నా అంటే చెయ్యి ఆనించినట్టు, పది అంటే భరించలేనంత. మొదటిసారి నాలుగు దాటనివ్వకండి. థెరపిస్టు "నొప్పిగా ఉందా?" అని అడిగితే "ఫరవాలేదు" అనేయడం మనలో చాలామందికి అలవాటు. కానీ మనం దాచినా ఒళ్లు దాచదు. ఊపిరి బిగపట్టారా, కాలి వేళ్లు ముడుచుకున్నాయా, పిడికిలి బిగిసిందా, అప్పుడు ఒత్తిడి మీరు చెప్పిన అంకెను దాటిపోయినట్టే. తట్టుకుంటే మేలు జరుగుతుందన్న పట్టుదల ఈ జబ్బుల్లో పనికిరాదు.

అయిపోగానే దిగ్గున లేవకండి. బీపీ మాత్రలు వాడేవాళ్లకు, అసలే నీరసంగా ఉన్నవాళ్లకు కళ్లు తిరుగుతాయి. పక్కకు తిరిగి, చేతుల ఊతంతో లేచి, కాళ్లు కిందికి వేసి ఒకటి రెండు నిమిషాలు కూర్చోండి. వేళ్ల కీళ్లు నొప్పిగా ఉంటే అరచేతి మీద బరువు వేయకుండా ముంజేతుల మీద లేవడం నయం.

8. తర్వాతి రెండు రోజులు

మసాజ్ బాగుందా లేదా అన్నది బల్ల మీద తేలదు. అక్కడ అందరికీ బాగానే ఉంటుంది. తీర్పు చెప్పాల్సింది మర్నాడు, ఆ పై రోజు. మసాజ్‌కి ముందు ఒక కాగితం మీద మూడు విషయాలు రాసి పెట్టుకోండి: నొప్పి పదికి ఎంత, పొద్దున బిగుతు ఎన్ని నిమిషాలు, రాత్రి నిద్ర ఎలా పట్టింది. మసాజ్ అయిన రెండు రోజులూ అవే రాయండి.

నొక్కిన కండరాల్లో సలుపు ఒకటి రెండు రోజులు ఉండి తగ్గిపోతే అది మామూలే. నొప్పి కండరాన్ని వదిలి కీళ్లలోకి వచ్చినా, చెయ్యి వెయ్యని కీలు కూడా వాచినా, బిగుతు సమయం పెరిగినా, జ్వరం వచ్చినా మసాజ్ ఎక్కువైందనో, ఫ్లేర్ మొదలవుతోందనో అనుమానించాలి. డాక్టరుకు ఫోన్ చేయండి, తర్వాతి సెషన్ ఆపండి. నొక్కినచోట వాడిన మందులతో పొంతన లేనంత పెద్ద మచ్చ కమిలినా, మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చినా ఆలస్యం చేయకుండా చూపించుకోండి. బాగా గట్టిగా చేసిన మసాజ్ తర్వాత కండరం చితికి, ఆ వ్యర్థాలు కిడ్నీల మీద పడటం అరుదుగానైనా జరుగుతుంది.

అంతా బాగుంటే, ఒకేసారి ఒక్క మార్పే చేయండి. సమయం పెంచితే ఒత్తిడి పెంచకండి, ఒత్తిడి పెంచితే సమయం అదే ఉంచండి. రెండూ పెంచాక ఒళ్లు మొండికేస్తే దేనివల్లో ఎవరూ చెప్పలేరు.

9. ఇంట్లో చేతులకు

ప్రతిసారీ బయటికి వెళ్లే ఓపిక ఉండదు. చేతులకు ఇంట్లోనే చేసుకోవచ్చు, ఇంట్లోవాళ్లతో చేయించుకోవచ్చు. టచ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లే 1997లో, చిన్నప్పుడే ఆర్థరైటిస్ వచ్చిన పిల్లలకు తల్లిదండ్రులు రోజూ 15 నిమిషాల చొప్పున నెల రోజులు మసాజ్ చేస్తే పిల్లల నొప్పి, ఆందోళన తగ్గాయని ప్రచురించారు. తర్ఫీదు పొందిన చేతులే కావాలని లేదు, నిదానం కావాలి.

వాపు లేని రోజున చేతిని గోరువెచ్చటి నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి తుడుచుకోండి. ముంజేతిని దిండు మీద ఆనించండి, గాల్లో పట్టుకుంటే భుజం బిగుసుకుంటుంది. కొంచెం నూనె రాసి, మణికట్టు నుంచి మోచేయి వైపు అరచేత్తో పొడుగ్గా తోయండి. పట్టు బలం చాలావరకు ముంజేతి కండరాల నుంచే వస్తుంది కాబట్టి సగం సమయం ఇక్కడే గడపండి. తర్వాత బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉండే కండరాన్ని గుండ్రంగా నిమురుతూ నొక్కండి. చేతి వెనక ఎముకల మధ్య సందుల్లో వేలి కొసతో మెల్లగా జరపండి. వేళ్ల దగ్గర మాత్రం కణుపుల మీద నొక్కకుండా, వేలి రెండు పక్కలా పట్టుకుని కొస నుంచి మొదలు దాకా జార్చండి. వేళ్లు లాగడం, మెటికలు విరవడం వద్దు. ఒక్కో చేతికి ఐదారు నిమిషాలు సరిపోతుంది. చేసుకునే చెయ్యి కూడా జబ్బు చెయ్యే అయితే బొటనవేలితో కాకుండా అరచేతి మడమతో, అంటే మణికట్టు దగ్గరి భాగంతో నొక్కండి, లేకపోతే ఒక చేతికి ఉపశమనం ఇవ్వబోయి రెండో చేతికి నొప్పి తెచ్చుకుంటారు.

డాక్టరు మందు మార్చినప్పుడు, స్టెరాయిడ్ డోసు పెంచినప్పుడు, రక్తం పల్చబడే మాత్ర కొత్తగా మొదలుపెట్టినప్పుడు పాత చీటీ చెల్లదు. ఆ నాలుగు ప్రశ్నలూ డాక్టరును మళ్లీ అడిగి, కొత్త జవాబులు రాసుకుని, తర్వాతి సెషన్‌కు వెళ్లేముందే థెరపిస్టుకు పంపండి.